హారతి కట్టిన మంచు గుహ

సూరత్‌లో మంచు చూడాలంటే ఐస్‌గోలా బండి దగ్గరికి పోవాల్సిందే. అలాంటి ఊళ్లో, చలికాలం బట్టల ప్రదర్శన కోసం హాలునంతా మంచు గుహగా మార్చేస్తానని హారతి మాటిచ్చేసింది. ఇంటీరియర్ డిజైన్ చదివాక సొంతంగా పట్టిన మొదటి పని ఇదే. ధైర్యమంటే అదీ!

అడాజన్‌లో ఆ హాలు. కిందంతా రాళ్లుప్పు పరిచింది. పైకప్పు నుంచి తెల్లబట్టను పొరలు పొరలుగా వేలాడదీసి, వెనక లేత నీలం బల్బులు పెట్టింది. ఉత్త తెలుపైతే ఆస్పత్రిలా ఉంటుందని, మంచు నీడలో కాస్త నీలం కనపడాలని ఆమె పట్టుదల. బట్ట మాత్రం ఉధ్నాలో తండ్రి రాజలింగం పనిచేసే సాంచాల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు నుంచి తెచ్చింది. సాంచాలు బాగుచేసే బ్రహ్మచారి అనే ఆయన పోయినేడు ఒక సాంచా మీదే వాలిపోయి ప్రాణం వదిలాడు. అప్పుడు దాని మీద నేస్తున్న బట్టను షెడ్డువాళ్లు అమ్మలేదు, వాడలేదు, మూలన పెట్టేశారు. ఎవరికీ అక్కర్లేని బట్టే కదా అని హారతి ఎత్తుకొచ్చింది. తండ్రికి చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు మరి.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం రాజలింగం బిడ్డ పని చూడటానికి వచ్చాడు. నలభై ఏళ్ల సాంచాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ఆ షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నాన్నకు అన్నం డబ్బా మోసుకెళ్తూ హారతి కూడా చిన్నప్పుడే ఆ చేతిమాట నేర్చుకుంది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. జర లోపల్కి పోయి చూసొస్త" అని ఆయన గుహలోకి వెళ్లాడు.

ఎంతసేపటికీ రాలేదు. హారతి వెళ్లేసరికి లోపల చలి వణికిస్తోంది. ఏసీలు ఇంకా బిగించనే లేదు. రాజలింగం ఉప్పులో నిలబడి, తెల్లబట్ట వైపు చూస్తూ చేతులు ఆడిస్తున్నాడు. 'వస్తున్నా. ఒక్క నిమిషం.' మధ్యమధ్య ఆగి, అవతలివాళ్ల జవాబు చూస్తున్నట్టు తలూపుతున్నాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. తర్వాత చెప్పులు విడిచి బట్ట వైపు అడుగు వేశాడు.

ఆ బట్ట ఎవరు చనిపోయిన సాంచాదో హారతికి గుర్తొచ్చింది. తప్పంతా తనదే. నాయినా అని అరిచి ఏం లాభం, ఆయనకు వినపడదు. పరుగున పోయి ఆయనకూ బట్టకూ మధ్య నిలబడింది. వీపంతా చలికి మొద్దుబారిపోతుంటే చేతులెత్తి చెప్పింది. 'పోవద్దు. పని ఇంకా ఉంది. నేనున్నా.'

రాజలింగం ఆమె చేతులు చూశాడు. ఆ తర్వాత ఆమె తల మీదుగా వెనక్కి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. ఒక్క ఉదుటున బిడ్డ రెండు చేతులూ గుప్పిట్లో బిగించి, వెనక్కి తిరగనివ్వకుండా బయటికి ఈడ్చుకొచ్చాడు.

రోడ్డు మీద ఎండలో నిలబడ్డాక కూడా ఆ చేతులు వదల్లేదు.

"ఎవరు నాయినా? ఏమన్నడు?" అని అడిగింది హారతి.

ఆయన ఆమె పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"బ్రహ్మచారి." ఓసారి హాలు గుమ్మం వైపు చూశాడు. "నీ బిడ్డకు చేతిమాట మంచిగొచ్చె, ఇగ ఆమెతోనె మాట్లాడ్త, నువ్వు ఇంటికి పో అన్నడు."

ఆయన గుప్పిట్లో హారతి వేళ్లు, ఆమె కదిలించకుండానే, జవాబు చెప్పడానికి గింజుకుంటున్నాయి.