రేకు కింద సగం ముఖం

సారయ్య ఫొటో స్టూడియో మేడమీదికెక్కి, చెక్కపలక మీద రాత్రంతా గనుల నుంచి వచ్చి పడ్డ బొగ్గుపొడిని తువ్వాలుతో దులిపాడు. పలకకు మేకులతో కొట్టినవి నాలుగు ఫొటోలు. నాలుగూ అతనివే. ఒకే ఫొటోను నాలుగు కంపెనీల పెద్ద మెషిన్ల మీద ప్రింటు తీయించి తెప్పించాడు. ప్రతి ముఖానికీ ఎడమ సగం మీద రేకుముక్క బిగించి, ఏది వెలిసిపోతుందో చూద్దామని కుడి సగాన్ని ఎండకు వదిలేశాడు. ఎండబెట్టడానికి పోయినవాళ్ల ముఖాలెందుకు, నాది చాలదా అనుకున్నాడు. రెండు వేసవులు గడిచాయి. రోహిణి కార్తెకు మణుగూరులో రోళ్లే పగులుతాయి, కాగితమెంత!

యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది, గోళ్ల సందుల్లో ఏళ్లనాటి సిరా. పందొమ్మిదో ఏట ఈ స్టూడియోలో చేరాడు. పెళ్లి ఫొటోలు తీసినవాళ్లకు పేరొచ్చింది. సారయ్య వంతుకు పోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసే పని వచ్చింది. కాలనీల్లోనూ అడవి పల్లెల్లోనూ గోడల మీద దండలు వేసుకుని ఉన్న ముఖాల్లో సగం అతని చేతి మీదుగా వెళ్లినవే. అందుకు అతన్ని ఎవరూ మెచ్చుకోలేదు, అతనూ ఎదురుచూడలేదు.

అనంతమ్మ రాకపోతే అలాగే గడిచిపోయేది. రెండేళ్ల కిందట ఆమె కొంగులో చుట్టి ఒక ఫ్రేము తెచ్చింది. గనిలో పనిచేసి పోయిన భర్త ఫొటో, సారయ్యే పెద్దది చేసిచ్చినది. ముఖం ఉండాల్సిన చోట లేత గులాబీ మరక ఉంది. కంప్యూటర్లో వెతికితే అసలుదీ దొరకలేదు.

"ఏడ వోయిండయ్యా మా ఆయన? నాకు గదొక్కటే ఫొటో" అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. సారయ్య సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఆ వారమే మేడమీదికి పలక ఎక్కింది. కొట్లో పాత ప్రింటు మెషిన్ మార్చే రోజు కోసం కాచుకున్నాడు.

ఆ రోజు ఇదే. పదింటికి ఖమ్మం నుంచి ఆ నాలుగు కంపెనీల మెషిన్లూ అమ్మే ఏజెంటు ఆర్డరు కాగితాలతో దిగాడు. పాత యజమాని కొడుకు ప్రేమ్‌సాగర్ అప్పటికే పలక మీది మొదటి ఫొటో తీసిన మెషిన్ మీద మనసు పడ్డాడు. గోడంత ఫొటోను అది చిటికెలో తీస్తుంది.

"రంగుకు వందేళ్ల గ్యారంటీ సార్" అన్నాడు ఏజెంటు.

సారయ్య పలక తెచ్చి బల్ల మీద పెట్టి రేకులు విప్పాడు. మూడు ముఖాలు నడిమికి చీలిపోయి ఉన్నాయి. రేకు కిందున్న సగం మనిషి, ఎండలో ఉన్న సగం దెయ్యం. నాలుగోదానిలో గీత కనబడలేదు. అంతటితో ఆగక, జేబులోంచి కుంకుమ పొట్లం తీసి, నీళ్లతో తడిపి నాలుగు నొసళ్లకూ బొట్టు పెట్టాడు.

"ఇదేంది పెద్దాయనా?" ఏజెంటు నవ్వాడు.

"మా దిక్కు అద్దం పగిలిన ఫొటోకు గూడ బొట్టు వెడ్తరు, తడిబట్టతోని తుడుస్తరు. నీ వందేండ్లల్ల గది రాసున్నదా?"

తుడిస్తే మొదటిదానికి కుంకుమతో పాటు నుదురూ లేచొచ్చింది. నీళ్లలో కరగని పొడిరంగు ఇంకుతో తీసిన నాలుగోదానికి ఎర్రటి ఛాయ మిగిలింది గానీ నుదురు కదల్లేదు.

"అది మెల్లగ తీస్తది మామా. రోజూ నడపకుంటే ఇంకు గడ్డకడ్తది" ప్రేమ్‌సాగర్ గొణిగాడు. "పెండ్లిళ్ల సీజన్ల ఎట్ల?"

"పెండ్లోళ్లు ఇంకోటి తీపిచ్చుకుంటరు. పోయినోళ్లు మళ్లొచ్చి కూసుంటరా ప్రేమూ? సరే, మొదటిదే కొను. నేను పోయినంక నా ఫొటో దాని మీదనే తీసి కౌంటర్ ఎదురుంగ పెట్టు. నా మొకం పోవుడు రోజూ చూసుకుంట కూసో!"

నలభై ఏళ్లలో అతను ఆ కొట్లో గొంతెత్తడం అదే మొదలు. ప్రేమ్‌సాగర్ పలకను తన వైపు తిప్పుకున్నాడు.

"నాలుగోదే రాయి" అన్నాడు ఏజెంటుతో.

సారయ్య లోలోపల ఉప్పొంగిపోయాడు, పైకి మాత్రం కుంకుమ పొట్లం మడుచుకుంటూ ఉండిపోయాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, మెట్ల మీద నీడన తువ్వాలు ఒళ్లో వేసుకుని గోడకు చేరగిలబడ్డాడు. మూడింటికి టీ తెచ్చిన ప్రేమ్‌సాగర్ పిలిచాడు, భుజం తట్టాడు, మళ్లీ పిలిచాడు. టీ గ్లాసు ప్రేమ్‌సాగర్ చేతిలోనే చల్లారింది.

కొత్త మెషిన్ రావడానికి నెల పడుతుంది. సారయ్య దినకర్మకు ఫొటో కావాలి. పాత మెషిన్ ఆన్ చేసి కూడా ప్రేమ్‌సాగర్ ఆపేశాడు. పలక మీది నాలుగో ఫొటోను ఊడదీసి, అరచేయంత ఉన్నదాన్ని అలాగే ఫ్రేము కట్టించాడు. అద్దం వద్దన్నాడు.

దినం నాడు అనంతమ్మ వచ్చి, కొంగు తడిపి ఫొటో మీది బొగ్గుపొడి తుడిచి బొట్టు పెట్టింది. ఆ ఫ్రేము ఇప్పటికీ కౌంటర్ ఎదురుగానే ఉంది. నాలుగు మూలలా మేకుల చిల్లులున్నాయి, ఏ సగం రేకు కింద ఉండేదో చెప్పే గీత మాత్రం లేదు.