మూడు మంచుల నమ్మకం

పదకొండు గంటలకే ఆల్డన్ చేతులు ఆగిపోయాయి. ఒక చేతిలో ఇనుప వలయం, మరో చేతిలో ఫర్ చెట్టు కొమ్మల గుత్తి. రెంటినీ ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్లుగా నవంబరు వస్తే అడవిలో కొమ్మలు విరిచి, షెడ్డులో తలుపులకు తగిలించే గుండ్రటి క్రిస్మస్ దండలు కట్టిన చేతులవి. దండకు డాలరున్నర చొప్పున రోజుకు నూట ఇరవై దండలు అలవోకగా కట్టేవాడు. పక్క బల్ల నుంచి భార్య లోర్నా వచ్చి గుత్తి తీసుకుంది. అతను ఏడుస్తున్నాడు.

యజమాని ప్రెంటిస్ అప్పుడే లోపలికి వచ్చాడు. ఆ షెడ్డూ, వెనకున్న అడవీ అతనివే. ఏటా చర్చికి అందరికన్నా పెద్ద దండ ఉచితంగా ఇచ్చి, పనివాళ్ల చేతితొడుగుల ఖరీదు కూలిలో కోసుకునే ధర్మాత్ముడు.

"తండ్రి పోయిన దారే పట్టాడన్నమాట," అన్నాడు అందరికీ వినపడేలా.

ఆల్డన్ తండ్రి పిచ్చాసుపత్రిలో పోయాడు. పనివాళ్లలో అందరికన్నా పెద్దది ఓర్లెనా ముందు నవ్వింది, తర్వాత మిగతావాళ్లు నవ్వారు. నవ్వకపోతే రేపు పని ఉండదు మరి. ఎద్దు పుండు కాకికి ముద్దా?

నిరుడు ఈపాటికి ఆల్డన్ ఇలా లేడు. చలికాలం చివర మోకాళ్ల నొప్పులన్నాడు. ఆ తర్వాత నిద్ర పోయింది. ఎన్నడూ గొంతెత్తని మనిషి కంచాలు విసిరాడు. చిన్నప్పటి నుంచి తిరిగిన అడవిలోనే దారి తప్పాడు. ఊళ్లోని డాక్టరు మొహం కూడా చూడకుండా ఇది మనోవ్యాధి అని తేల్చి, తాగుడు మానమన్నాడు. ఆల్డన్ చుక్క ముట్టడు. అంత చదువు చదివిన డాక్టరు ఆ మాత్రం అడగలేకపోయాడు.

పోయిన వారం లోర్నా భర్తను గంటన్నర దూరంలోని మరో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి నర్సు ఇనెజ్, ఏం పని చేస్తారని అడిగి, పిడుదు కుట్టిందా అంది. లోర్నాకు నవ్వొచ్చింది. మూడు గట్టి మంచులు పడ్డాక గానీ తమ అడవిలో కొమ్మ విరవరు, ముందే విరిస్తే ఆకు రాలిపోతుంది. ఆ మూడు మంచులకే పిడుదులన్నీ చస్తాయని తాతల నాటి మాట. అందుకే నవంబరులో ఎవరూ ఒళ్లు చూసుకోరు.

"మంచుకి ఆకు గట్టిపడుతుందేమో గానీ అది చావదమ్మా," అంది ఇనెజ్. "కాస్త ఎండ తగిలితే మళ్లీ లేస్తుంది. మీరేమో దానికే ఎదురెళ్తున్నారు."

రక్తం, వెన్నునీరు పరీక్షించారు. ఫలితం నిన్న ఫోనులో చెప్పారు. పిడుదు నోటి నుంచి వచ్చిన సూక్ష్మజీవి మెదడు దాకా పాకింది. సోమవారం నుంచి నెల రోజులు నరంలోకి మందు ఎక్కించాలి, మనిషి ఎంతవరకు కోలుకుంటాడో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఫోను పెట్టేసి లోర్నా వంటింట్లో కూలబడి ఏడ్చింది. ఇన్ని నెలలూ అతన్ని తనూ అసహ్యించుకుంది మరి.

ఈ ఉదయమే ప్రెంటిస్‌కు సంగతి చెప్పి, పనిలో వచ్చిన జబ్బు కాబట్టి పని బీమా కింద రాయమని అడిగింది. ఇప్పుడు ప్రెంటిస్ ఆమెను తన గదిలోకి పిలిచి, ఒక కాగితం ముందుకు తోశాడు. ఆల్డన్‌ది వంశంలో ఉన్న పిచ్చి అనీ, అడవితో సంబంధం లేదనీ అందులో ఉంది.

"సంతకం పెట్టు. క్రిస్మస్ దాకా నీ బల్ల నీదే. లేదంటే ఇద్దరూ కోట్లు తగిలించుకుని బయటికి నడవండి. ఇంకోటి, ఆ పిడుదుల గోల ఇక్కడెవరి దగ్గరా ఎత్తకు. మంచు పడ్డాక పిడుదులేంటి, చంటిపిల్లలు కూడా నవ్వుతారు."

లోర్నా కలం తీసుకుంది. సంతకం పెడితే బీమా పోతుంది, పెట్టకపోతే ఇవాళే కూలి పోతుంది, సోమవారం మందుకు రెండూ కావాలి. అప్పుడే గది మూల పడుకున్న ప్రెంటిస్ వేటకుక్కలు రెండూ లేచి ఒళ్లు విదిలించుకున్నాయి. రెంటి మెడకూ పిడుదుల మందు పట్టీలు, ఇంకా నలగని కొత్తవి.

"వీటికి ఎప్పుడు కట్టావు?" అంది.

ప్రెంటిస్ కాగితాన్ని ఇంకాస్త ముందుకు తోశాడు.

"కుక్కలకి కట్టావు. మాకు చెప్పలేదు." కలం బల్ల మీద పెట్టేసింది. "నేను పెట్టను."

షెడ్డులోకి వచ్చి ఆల్డన్‌కు కోటు తొడిగింది. బల్లల మధ్య నిలబడి, మంచుకు పిడుదులు చావవనీ, ఆల్డన్‌ను ఇలా చేసింది పిడుదేననీ, ప్రెంటిస్ కుక్కల మెడలు వెళ్లి చూసుకోమనీ చెప్పింది. మోకాళ్ల వెనకా, చంకల్లోనూ వెతుక్కోమంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రెంటిస్ గుమ్మంలోంచి పని చూడమని అరుస్తున్నాడు.

ఓర్లెనా చేతిలోని దండ పక్కన పెట్టింది. వంగి, మెల్లగా ప్యాంటు మోకాలి పైకి మడిచింది.

"వెనక నాకు కనపడదే, లోర్నా," అంది. "నువ్వు చూడు."