బొమ్మలు లోపలున్న గోడ

మా ఇటుకల కంపెనీకీ పక్కనున్న బొమ్మల బడికీ మధ్య మొదట్లో ముళ్ళకంచె ఉండేది. ఇటువైపు మేం మట్టి తొక్కేవాళ్ళం, అటువైపు వాళ్ళు బొమ్మలు గీసేవాళ్ళు. మా బట్టీ పొగ వాళ్ళ కాగితాల మీద పడుతోందని వాళ్ళ గోల. వాళ్ళ పిల్లలు కంచె సందుల్లోంచి చేతులు పెట్టి మా మట్టి ముద్దలు ఎత్తుకుపోతున్నారని మా గోల. కంచెకి అటూ ఇటూ నిలబడి అరుచుకోవడం తప్ప ఇంకో సంబంధం లేదు.

ఒక ఎండాకాలం ఆ కంచె తుప్పుపట్టి కూలిపోయింది. కొత్తది మీరు వెయ్యాలంటే మీరు వెయ్యాలని మాట పెరిగింది. అప్పుడు ఆ బడి డ్రాయింగ్ మాస్టారు మా మేనేజరు గారి గదికి వచ్చారు. మనిషి వెదురుబొంగులా ఉండేవారు, మాట మాత్రం వెన్న.

"కంచెందుకండీ? గోడ కడదాం. ఇటుక మీది, బొమ్మ మాది. చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలుద్దాం, తలా ఒక ఇటుక మీద బొమ్మ వేస్తారు" అన్నారట.

"బొమ్మలతో గోడ నిలబడుతుందా మాస్టారూ?" అని మేనేజరు గారు నవ్వి, టీ తెప్పించారు. ఆ టీతోనే మొదలైంది.

తర్వాతి ఆదివారం బట్టీ పనికి సెలవిచ్చి, మా మట్టి కొట్టే పాకని అందరికీ తెరిచారు. టైలరు వచ్చాడు, ఆసుపత్రి నర్సులు వచ్చారు, బడి పిల్లలు వచ్చారు, మాతో ఏనాడూ మాట్లాడని మేడల వాళ్ళు కూడా కొంగులు బిగించుకుని వచ్చారు. అచ్చులో ఇసుక చల్లి, మట్టి వేసి కొట్టి, పైన చెక్కతో చదును చేసి ఇవ్వడం నా పని. ఆ చదును మీద ఎవరికి తోచింది వాళ్ళు గీసుకోవాలి. నర్సు తన చెయ్యి అద్దింది. టైలరు కత్తెర గీశాడు. మా ఆడపడుచు చిలకని గీసింది. మా ఆడపడుచుని కంపెనీలో అందరూ రేడియో అనేవారు. పొద్దున మొదలుపెడితే నిద్రపోయేదాకా ఆగదు.

"ఇది చిలకా? చెప్పులా ఉందే" అన్నాను.

"నీ కళ్ళకి అన్నీ చెప్పుల్లానే ఉంటాయి వదినా. ముక్కు చూడు, ముక్కు!"

మా ఆయన బట్టీలో నిప్పు చూసేవాడు. నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం పెట్టాల్సిన మనిషి. ఆయన మాత్రం అచ్చు తీసుకుని పాక చివరికి పోయి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. లేచి వచ్చేటప్పటికి ఇటుక మీద తడి గోనె కప్పి ఉంది.

"ఏం గీశావయ్యా?"

"గోడ లేచాక చూద్దువుగానీ."

"అసలు నీకు బొమ్మ గీయడం వచ్చా?"

"రాదు. అందుకే గీయలేదు."

"గీయకుండా బొమ్మెలా వస్తుంది?"

"వస్తుందిలే" అని బట్టీ వైపు వెళ్ళిపోయాడు. ఆ ఇటుకలన్నిటికీ బట్టీలో సెగ సమంగా తగిలే చోటు చూసి తనే పేర్చాడు. ఒక్కటీ పగల్లేదు. తన ఇటుకని మాత్రం బట్టీలోంచి తీసి, మళ్ళీ గోనెలో చుట్టి, తిన్నగా తాపీ మేస్త్రి చేతిలో పెట్టాడు. "గేటు పక్కన, నడుము ఎత్తులో పెట్టు. మా ఆవిడ రోజూ అటే వస్తుంది" అన్నాడట.

గోడ మొదలైన రోజు మేస్త్రి అలవాటు ప్రకారం ఇటుకలు నీళ్ళ తొట్టిలో వెయ్యబోయాడు. డ్రాయింగ్ మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యయ్యో, తడిపితే బొమ్మలు పాడైపోతాయి!" అన్నారు. ఆయన మొహం చూసి మేస్త్రి, "మీ బొమ్మలు, మీ ఇష్టం" అని తొట్టి బోర్లించాడు. మర్నాడే మాస్టారు చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళారు. వచ్చేసరికి గోడ లేచింది. ఎర్రగా, నున్నగా, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. దాని మీద ఒక్క బొమ్మ లేదు.

"బొమ్మలేవయ్యా?" అన్నారు మాస్టారు.

"లోపలున్నాయండి."

"లోపలెందుకున్నాయి?"

"గుంటున్న వైపు పైకి పెట్టి సిమెంటు మాలు నింపాలి కదండీ. మా కంపెనీ గుర్తు ఉండేది అక్కడే. మీవాళ్ళు గుంటలు బాగా లోతుగా చేశారు, మాలు తెగ తాగేశాయి."

"మరి బొమ్మ కనపడేలా నిలబెట్టి కట్టొద్దూ?"

మేస్త్రి మాస్టారి వైపు జాలిగా చూశాడు. "ఇటుక పడుకుంటేనే గోడ నిలబడుతుంది మాస్టారూ. ఇటుక నిలబడితే గోడ పడుకుంటుంది."

తప్పెవరిదని ఇప్పటికీ చెప్పలేను. గోడలో ఇటుక ఎలా పడుకుంటుందో బడివాళ్ళు ఆలోచించలేదు. జనం ఇన్ని బొమ్మలు గీసింది పాతిపెట్టడానికి కాదని మావాళ్ళు ఆలోచించలేదు. మాలు పట్టడానికి పల్లం ఉంటే చాలు, అది చిలకైనా కంపెనీ గుర్తయినా మేస్త్రికి ఒకటే.

ప్రారంభం రోజు ఊరంతా వచ్చి ఆ బోడి గోడ ముందు నిలబడింది. ఆ రోజుల్లో నాకూ రేడియోకీ మాటల్లేవు. కారణం నా చెక్క దువ్వెన. ఒక చివర రెండు పళ్ళు ఊడిపోయినా నాకు అదే ఇష్టం, జుట్టు చిక్కు దానికే లొంగేది. అది ఒక రోజంతా కనపడకుండా పోయి, మర్నాడు కిటికీలో తేలింది. పళ్ళ సందుల నిండా మట్టి! మట్టి తల కడుక్కోకుండా నా దువ్వెనతో దువ్వుకుంటావా అని రేడియోని పట్టుకుని కడిగేశాను. నేను ముట్టుకోలేదని అది ఒట్లు పెట్టుకుంది. అప్పుడు పక్కనే అన్నం తింటున్న మా ఆయన ఇంటి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పొలమారి ఒకటే దగ్గు.

అలా ఎడమొహం పెడమొహంగా ఉన్నదల్లా, బోడి గోడని చూసి రేడియో ఫక్కున నవ్వింది. "నా చిలకని సిమెంటు పంజరంలో పెట్టారు వదినా!" అంది. నాకూ ఆగలేదు. నర్సు నవ్వింది, టైలరు నవ్వాడు, చివరికి మాస్టారూ మేనేజరు గారూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "ఇంత చదువుకున్న బడి మీది, ఇంత పాత కంపెనీ మాది. తెలివి మాత్రం ఎవరి దగ్గరా లేదు" అన్నారు మేనేజరు గారు. గోడ పడగొట్టి మళ్ళీ కడదామన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

నిజానికి ఆ గోడే రెండు సంస్థల్నీ కలిపింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ప్రతి ఎండాకాలం కొత్త ఇటుకలు వేశాం. మేస్త్రి బొమ్మలు పైకి కనపడేలా పరచడం నేర్చుకున్నాడు. ఆసుపత్రి ఆవరణలో బాట వేశాం, బస్సుల కోసం కూర్చునే బల్లలు కట్టాం. వాళ్ళ పిల్లలు మా పాకలో అన్నాలు తిన్నారు. మేం సాయంత్రాలు వాళ్ళ గదుల్లో చదువుకున్నాం. నాకు అక్షరాలు వచ్చింది అక్కడే, నెత్తిన తెల్ల వెంట్రుకలు వచ్చాక. కాగితం అంటే భయమని చెబితే మాస్టారు మట్టిపలక చేసి ఇచ్చారు. తప్పు రాస్తే చెమ్మచేత్తో తుడిచెయ్యడమే. మట్టి మీద నాకు భయమేముంది?

ఎన్ని కొత్త బొమ్మలు వచ్చినా జనం ఆ మొదటి గోడనే ముట్టుకుని పోయేవారు. "నాది ఇక్కడుంది" అని చెయ్యి పెట్టి చూపించేవారు. లోపలున్నాయి కాబట్టి ఏడాదికేడాదికీ బొమ్మలు అందంగా తయారయ్యాయి. రేడియో చిలకకి రెక్కలొచ్చాయి, తోకొచ్చింది, కొన్నాళ్ళకి జత కూడా వచ్చింది.

మా ఆయన గేటు దాటేటప్పుడు నడుము ఎత్తులో ఒక ఇటుకని తట్టేవాడు.

"ఏముందయ్యా అందులో? ఇప్పుడైనా చెప్పు."

"చెప్తే ఏముంది? చూస్తే బాగుంటుంది."

"ఎప్పుడు చూస్తాను?"

"గోడ పడ్డాక."

"మేస్త్రి కట్టిన గోడ. మనం పోయినా అది పడదు."

"అయితే నీ అదృష్టం అంతే" అని నవ్వేవాడు.

ఆ మాటే నిజమైంది. ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచంలో ఉన్నప్పుడు ఇంకోసారి అడుగుదామనుకున్నాను. అడిగితే, ఇక చూడవు కాబట్టి చెప్తున్నాను అన్నట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఆయన పోయాక గేటు దాటేటప్పుడు ఆ ఇటుకని తట్టడం నా వంతయింది.

మట్టి తీసే గుంటలో ఊట పడి కంపెనీ కుంటుపడింది. మేనేజరు గారు పోయారు. డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యారు. బడికి కొత్తగా వచ్చిన పెద్దావిడ చెడ్డది కాదు, కానీ పిల్లల చేతికి మట్టి అంటితే ఆవిడ మొహం ముడుచుకునేది. ఒక ఎండాకాలం మేం పిలవలేదు, వాళ్ళు రాలేదు. మరుసటి ఏడు వాళ్ళు పిలుస్తారేమోనని మేం చూశాం, మేం పిలుస్తామేమోనని వాళ్ళు చూశారు. తెగతెంపులంటూ ఎవరూ చెప్పలేదు. చుట్టాలిళ్ళకి రాకపోకలు ఎలా ఆగిపోతాయో అలాగే ఆగింది. చివరికి బట్టీ చల్లారింది. స్థలం గోదాముల వాళ్ళు కొన్నారు. లారీలు తిరగాలి, గోడ తీసెయ్యాలి అన్నారు.

ఆ కబురు తెచ్చి రేడియో ఏడ్చింది. వీధిలో కనపడిన ప్రతి ఒక్కరూ అయ్యో అన్నారు. నేనూ అయ్యో అన్నాను. అందరికీ ఉన్న ఒక్క గుర్తూ పోతుంటే, నాకు మాత్రం ఇప్పటికైనా చూస్తానన్న ఆశ పుట్టింది. ఆ ఆశ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

గోడ దగ్గరికి యంత్రం వచ్చిన రోజు తాపీ మేస్త్రి కర్ర పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. "నేను కట్టింది నేనే విప్పుతాను. అది ముట్టుకుంటే ఒప్పుకోను" అన్నాడు. గోదాముల ఆయన ఆ ముసలి మొహం చూసి, సరే సాయంత్రం దాకా టైమిచ్చానన్నాడు. మాస్టారు కూడా వచ్చారు. వెదురుబొంగు వంగిపోయింది.

మేస్త్రి గునపం దూర్చాడో లేదో, పైవరస ఇటుక చేతిలోకి ఊడి వచ్చింది. రెండోదీ అంతే. ఆయన మొహం మాడిపోయింది. "మీ వల్లే మాస్టారూ! ఆ రోజు నీళ్ళు పెట్టనిచ్చారా? ఎండు ఇటుక మాలుని పట్టుకుంటుందా? ఇన్నేళ్ళూ మొహమాటానికి నిలబడింది నా గోడ!"

"నీ వల్ల బొమ్మలు కనపడలేదు, నా వల్ల గోడ అతకలేదు. సరికి సరి" అన్నారు మాస్టారు. వంగి ఇటుక మీద పరుచుకున్న మాలు బిళ్ళని గోటితో లేపారు. బిళ్ళ తిప్పి చూస్తే దాని మీద చెయ్యి, ఐదు వేళ్ళతో పైకి ఉబికి ఉంది. "నాదే!" అంటూ నర్సు కేక పెట్టింది. టైలరు కత్తెర తేలింది. రేడియో చిలక బయటపడింది. అది ఇప్పటికీ చెప్పులానే ఉంది.

గేటు పక్కకి వచ్చేసరికి నా కాళ్ళు ఆగలేదు. మేస్త్రి నాకేసి చూసి, "నడుము ఎత్తులో, నాకు గుర్తుంది చెల్లెమ్మా" అని మెల్లిగా గునపం పెట్టాడు. ఎండకీ వానకీ ముందుగా దెబ్బతిన్న మూల అది. ఇటుక ఫట్టున పగిలి మూడు ముక్కలై కింద పడింది. ఆ గుంటలో ఏముందో అంతా పొడి పొడి.

నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను.

మేస్త్రి గునపం పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పై ఇటుకకి అంటుకుని వేలాడుతున్న మాలు బిళ్ళ కింద అరచెయ్యి పెట్టాడు. నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తినట్టు దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టాడు.

బిళ్ళ మీద దువ్వెన. గీసిన దువ్వెన కాదు, అద్దిన దువ్వెన. పళ్ళన్నీ వరసగా పైకి లేచి ఉన్నాయి. ఒక చివర రెండు పళ్ళ మేర ఖాళీ. ఆ అసలు దువ్వెన విరిగిపోయి, పారేసి ఎంత కాలమైందో. వేలు పెట్టి ఆ ఖాళీ తడిమాను. పొద్దున్నే చిక్కు తీసుకునేటప్పుడు నా వేలికి తగిలే ఖాళీయే.

రేడియో నా భుజం మీంచి వంగి చూసింది.

"వదినా."

"ఊఁ."

"ఇన్నేళ్ళూ నన్ను దొంగని చేశావు కదే!"

"చేశాను."

"ప్రతి తగువులోనూ ఆ దువ్వెన మాట తీశావు. నా పెళ్ళిచూపుల రోజు కూడా తీశావు. నేను ఒట్టు పెట్టుకుంటే, మా అన్నయ్య పక్కనే కూర్చుని..." అది మాట మింగేసింది. "అందుకా ఆ రోజు అంత పొలమారింది?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన గోడ వైపు తిరిగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ దగ్గాడు. నేను నీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి వీపు నిమిరాను కూడా. అది దగ్గు కాదు.