తోక లేని చేప

వరహాలమ్మ గాజుముక్కల్ని జల్లెడలో వేసి, నీళ్ళు పోసి, వేళ్ళకు గుచ్చుకోకుండా కుదుపుతోంది. జాలరిపేట ఒడ్డున ఏరుకొచ్చిన ముక్కలవి. మొగుడు పోయిన ఆడదాని చేతుల మీద పదోరోజున పగిలి, ఇసుకలో మిగిలిపోయేవి. వాటిని తొక్కడమే అరిష్టమంటారు. ఆమె వాటిని కడిగి, విరిగిన పడవ చెక్క మీద జిగురుతో అతికించి చేపను చేస్తోంది. సీసామూతతో కన్ను, ఎర్రముక్కలతో పొట్ట అయ్యాయి. తోకకే ఆకుపచ్చవి చాల్లేదు.

"ఒలే వరాలూ, ఇయ్యేల కూడా ఆ సెత్తేనేటే?" వాకిట్లోంచి అత్త సన్యాసమ్మ కేకేసింది. "బేగి రా. సత్తెం గాజులు నువ్వే కొట్టాల. నా సేతులు వణుకుతన్నాయి. నువ్వెలాగూ ముక్కలేరుకునేదానివే!"

సత్తెం అంటే తోడికోడలు శ్రీసత్య. మరిది నాగవంశీ కామెర్లతో పోయి ఇది పదోరోజు. శవం లేవకముందే బావ గవర్రాజు పదిమందిలో అన్నాడు, "ముండమోపుల గాజులు తెచ్చి కొంపలో ఎట్టింది. సావు రాకేటవుద్ది?" అని. ఎవరూ కాదనలేదు. ఈ పది రోజులూ వచ్చినవాళ్ళందరికీ వండివార్చినవి మాత్రం ఆ అరిష్టపు చేతులే. ఆ మెతుకులు ఎవరికీ గొంతులో అడ్డం పడలేదు.

తన పదోరోజు వరహాలమ్మకు ఇంకా మణికట్టు మీదే ఉంది. అత్త తన చెయ్యి పట్టి రాయితో కొడితే పెంకు లోపలికి దిగింది. చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్ళలో ఒక్కరూ నెత్తురు చూడలేదు. చేపలమ్మిన డబ్బుతో పూర్ణా మార్కెట్లో తనే కొనుక్కున్న గాజులవి. మొగుడు ఒక్కటీ కొనలేదు. అయినా అతనితోపాటే పోవాలన్నారు. సత్యకు ఆ నెత్తురన్నా రాకూడదనుకుని సబ్బుముక్క రొంటిన దోపుకుంది. తను మంచిపనే చేస్తున్నాననుకుంది కూడా. కానీ ఒడ్డుకు నడుస్తుంటే, ముందు వెళ్తున్న సత్య చేతుల నిండా ఉన్న పచ్చగాజులు చూసి, 'తోకకు సరిపోతాయి' అనుకుంది. అనుకున్న మరుక్షణం చూపు తిప్పేసుకుంది. ఇన్నాళ్ళూ తాను అందంగా అతికించింది ఎవరెవరి చేతుల్నో!

సత్యను ఇసుకలో కూర్చోబెట్టారు. ఏడుపులు ఒక్కసారిగా లేచాయి. వరహాలమ్మ చేతికి రాయి ఇచ్చారు. ఆమె దాన్ని పక్కన పెట్టి, సత్య చేతికి సబ్బు రుద్దింది.

"ఏటి సేత్తన్నావే?" అంది అత్త.

"నెత్తురు రాకుండా తీత్తన్నాను అత్తా."

మొదటి గాజు మెల్లగా జారి బొటనవేలి ఎముక దగ్గర ఆగింది. సత్య అప్పుడు తలెత్తింది.

"అక్కా, ఇయి నాను సిన్నపిల్లప్పట్నించీ ఏసుకుంతన్నాను. ఆయన్ని సూడకముందునించీ. మరెందుకు తియ్యాల?"

అదే ప్రశ్న తన పదోరోజున వరహాలమ్మకూ పుట్టింది. అడగడమే చేతకాలేదు. గాజును వెనక్కి తోసింది. తడిచెయ్యి కదా, వచ్చిన దారినే సుళువుగా వెళ్ళిపోయింది.

"కొట్టవే!"

"కొట్టను అత్తా. తియ్యను కూడా." ఆమె లేచి రాయిని అలల్లోకి విసిరింది.

ఏడుపులు ఆగిపోయాయి. దూరంగా మగాళ్ళలో నిలబడ్డ గవర్రాజు ఊగిపోతూ వచ్చాడు. "ఇద్దరూ గుమ్మం ఎలా ఎక్కుతారో సూత్తాను!"

"సూడు బావా. రేపట్నించి పొయ్యి ఎవులు ముట్టిత్తారో అది కూడా సూడు."

వెనక ఎవరో ఆడమనిషి పక్కున నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుంది. సన్యాసమ్మ తన బోసి మణికట్టును రెండో చేత్తో పట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది.

వరహాలమ్మ సత్య చెయ్యి పట్టుకుని లేపింది. గాజులు గలగలమన్నాయి.

ఇద్దరూ ఆ గుమ్మమే ఎక్కారు. ఆ చేపను ఆమె ఇంటి బయట, వీధిలోకి కనబడేట్టు మేకుకు తగిలించింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తారు. ఇంత బాగా చేసి తోక ఎందుకు వదిలేశావని అడుగుతారు.

"వదల్లేదు. అది మా సత్తెం సేతులకి ఉంది" అంటుంది.