కొక్కెం పెట్టాకే ప్రార్థన

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, మా అక్క మొగుడు పదహారేళ్ళుగా నలుగురిలోనూ చెబుతున్నాడు. ఎత్తైన మేడల అద్దాలు బయటి నుంచి తుడిచే కంపెనీలో ఇద్దరం పనిచేస్తాం. ఆయన తాడు మీద దిగి అద్దాలు తుడుస్తాడు. నేను ఆ తాళ్ళూ బెల్టులూ పరీక్షించి, బాగున్నాయని సంతకం పెట్టే సేఫ్టీ ఆఫీసర్ని. అందుకని ఇంట్లో "ఏంటి బావా" అనే నోటితోనే ఆఫీసులో "ఇక్కడ సంతకం చెయ్యండి" అనాల్సి వస్తుంది. బావ రెండింటికీ ఒకే నవ్వు నవ్వుతాడు. నాకు అదింకా మంట.

తాడు పనివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడూ జోడీగా, పక్కపక్కనే దిగుతారు. పిట్టగోడ ఎక్కి, కాళ్ళు బయటికి వేసి కూర్చుని, ఇద్దరూ కళ్ళు మూసుకుంటారు. ఒకరు "దించేవాడివి నువ్వే" అంటారు. రెండోవారు "ఎక్కించేవాడివీ నువ్వే" అని జవాబిస్తారు. ఏ దేవుణ్ణి అంటున్నారని ఒకరినొకరు అడగరు. ఎవరి దేవుడు వాళ్ళకి. బావ జోడీ మనిషిని అందరూ "పొడుగు" అని పిలిచేవారు. తొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరూ అలా మాటకి మాట ఇచ్చుకుంటూ దిగారు.

మూడు నెలల క్రితం పొడుగు ఇరవై రెండో అంతస్తు మీంచి పడిపోయాడు. చనిపోయాడు.

ప్రతి మనిషికీ రెండు తాళ్ళు ఉంటాయి. ఒకటి దిగడానికి, రెండోది మొదటిది మోసం చేస్తే పట్టుకోవడానికి. ఆ రోజు దిగే తాడు మీద బ్రేకు జారింది. రెండో తాడు పట్టుకోవాలి, కానీ దాని కొక్కెం పొడుగు నడుం దగ్గర ఊరికే వేలాడుతోంది. తగిలించలేదు. మేడ మీద కాపలా ఉండాల్సిన మనిషి నీళ్ళ బకెట్ కోసం కిందికి వెళ్ళాడు. చూసింది బావ ఒక్కడే.

విచారణ చేసింది నేను. తాడు ఎన్నాళ్ళది, బ్రేకు ఎన్నాళ్ళది, గాలి ఎంత ఉంది, అన్నీ అడిగాను. ప్రార్థన సంగతి నేను అడగలేదు. నాకు తోచలేదు. చివర్లో బావే చెప్పాడు. "రాసుకోమ్మా. నేను మొదటి మాట అన్నాను. వాడు కళ్ళు మూసుకుని జవాబిచ్చాడు. కొక్కెం పెట్టాల్సిన టైము అదే. కళ్ళు తెరిచాక, పెట్టేశాననుకుని దిగిపోయాడు."

నేను అలాగే రాశాను. "పిట్టగోడ మీద ప్రార్థన వల్ల దృష్టి మళ్ళింది" అని ఒక వాక్యం, ఆ ప్రార్థన మాన్పించాలని ఇంకో వాక్యం. మేనేజరు వెంటనే ఒక కాగితం అచ్చు వేయించాడు. పిట్టగోడ మీద ఏ ప్రార్థనా చేయనని ప్రతి తాడు మనిషీ సంతకం పెట్టాలి. అందరూ పెట్టారు. పెట్టి, ఆ ప్రార్థనేదో లిఫ్టులోనే గొణుక్కుని పైకి వెళ్తున్నారు. బావ ఒక్కడే పెట్టలేదు. శుక్రవారం లోపు సంతకమైనా పెట్టాలి, లేదా బెల్టు అప్పగించి మెట్లు తుడిచే జట్టులోకైనా వెళ్ళాలి.

బుధవారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఆయన్ని మెట్ల మీద ఊహించుకోలేకపోతున్నానే. పైన ఉంటే నాకు భయం, కింద ఉంటే ఆయన మనిషి కాకుండా పోతాడు. నువ్వు రాసిందేగా, నువ్వే చూడు," అంది. నాకు ఒళ్ళు మండింది. రాసింది నేనే, కానీ అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఫైలు చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

బావ ముందుగదిలో బల్ల మీద దుప్పటి పరిచి యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది, అవసరమైతే ఇటు, లేకపోతే అటు వెళ్ళొచ్చన్నట్టు.

"రా మరదలా. ఆఫీసరుగా వచ్చావా, ఆడపడుచుగా వచ్చావా?"

"నేను నీకు ఆడపడుచునెప్పుడయ్యాను?"

"అయితే ఆఫీసరుగానే వచ్చావు. కూర్చోండి మేడమ్."

నేను ఫైలు తెరిచాను. మా కంపెనీ పెట్టాక నలుగురు పడ్డారు. నలుగురూ ఆ రెండు మాటలూ అనుకుని దిగినవాళ్ళే. ఏ దేవుణ్ణీ నమ్మని వాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి ఇప్పటిదాకా గీత కూడా పడలేదు. అన్నీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. "దీన్నిబట్టి చూస్తే మీ దేవుడు పట్టుకోవట్లేదు బావా, తోస్తున్నాడు," అన్నాను. ఆ మాట నోరు దాటాక, అనకుండా ఉండాల్సిందని తెలిసింది. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

బావ కోప్పడలేదు. కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ పెట్టె జరిపాడు. "నీ కాగితం నిజమే. నేను దాంతో పోట్లాడను."

"పోట్లాడనివాడివి సంతకం ఎందుకు పెట్టవు? మిగతావాళ్ళలా పెట్టేసి, లోపల అనుకో. ఎవడు చూడొచ్చాడు?"

"ఆ కాగితం అడిగేది నువ్వు కదా. నీకు అబద్ధం చెప్పి తాడెక్కమంటావా?"

మాట తోచనప్పుడు నాకు గొంతు పెరుగుతుంది. "తొమ్మిదేళ్ళు దణ్ణం పెట్టాడు పొడుగు! దణ్ణం పెడుతూనే పోయాడు! నీ కళ్ళ ముందే! ఇంకెలా రుజువు కావాలి నీకు?"

బావ ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టాడు.

"వాడు పడిన రోజు నుంచి నాలుగు రోజులు నేను నీ పార్టీయే," అన్నాడు. "దేవుడెవడూ లేడనే అనుకున్నాను. సుఖంగానే ఉంది. ఐదో రోజు మొహం కడుక్కుంటుంటే కోపం వచ్చింది. అలాంటిలాంటి కోపం కాదు, అద్దం పగలగొడదామన్నంత కోపం. ఎవడి మీద అని చూసుకున్నాను. బ్రేకు మీద కాదు, పొడుగు మీద కాదు, నీ మీదా కాదు. ఆయన మీదే. లేనివాడి మీద అంత కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది మరదలా?"

"అది రుజువు కాదు."

"నాకూ తెలుసు కాదని. నీ ఫైల్లో పెట్టమని చెప్పట్లేదుగా." నవ్వాడు. "పట్టుకుంటాడని నమ్మడం మానేశాను. పట్టుకోడు. కళ్ళారా చూశాను. కానీ పిట్టగోడ మీద కూర్చుని, కాళ్ళ కింద ఏమీ లేనప్పుడు, నేనిక్కడున్నానని ఎవరికో ఒకరికి చెప్పాలి. మీ అక్కకి చెబితే ఏడుస్తుంది. నీకు చెబితే ఫారం నింపమంటావు."

వంటింట్లోంచి అక్క ముక్కు చీదిన శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో తెలియలేదు.

అప్పుడు బావ నన్ను పక్కగదిలోకి రమ్మన్నాడు. కిటికీ ఊచలకి రెండు తాడు ముక్కలు కట్టి ఉన్నాయి. కింద ఎదురెదురుగా రెండు కుర్చీలు. "ఇరవై రోజులుగా మీ అక్కా నేనూ ఇదే పని," అన్నాడు. ముందు కొక్కెం పెట్టాలి. లాగి చూసుకుని "పెట్టాను" అనాలి. జోడీ మనిషి చెయ్యి చాచి తను కూడా లాగి చూసి "చూశాను" అనాలి. రెండో మనిషిది కూడా అలాగే అయ్యాకే కళ్ళు మూసుకోవాలి, అప్పుడే ఆ రెండు మాటలూ. "ప్రార్థన తప్పు కాదమ్మా. ప్రార్థన ఉన్న చోటు తప్పు. నీ రిపోర్టు నాలుగుసార్లు చదివితే నాకర్థమైంది."

నా రిపోర్టుని మా కంపెనీలో మేనేజరు కూడా పూర్తిగా చదవలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

నమ్మకం ఉన్నవాళ్ళు నిజం చూడరని ఎంతమంది దగ్గర ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తులేదు. ఆ గదిలో నిలబడితే తట్టింది. ఆ ఫైల్లో దేవుడికి వ్యతిరేకంగా ఉన్న ఒకే ఒక్క గట్టి సాక్ష్యం ఇచ్చింది ఎవరు? బావే. అడిగినవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు, ఆ ఒక్క వాక్యం మింగేసి ఉంటే ఆయన దేవుడూ క్షేమం, ఆయన తాడూ క్షేమం. మింగలేదు. తన జోడీ చనిపోయిన ఆ వారంలోనే, తన ప్రార్థన మీద తనే నేరం మోపి, దాన్ని నాచేతే రాయించి, ఆ తర్వాత కూడా ఆ ప్రార్థనని వదలకుండా నిలబడ్డాడు. నాకు అంత ధైర్యం లేదు. నా అభిప్రాయాల్లో ఒక్కదాని మీదైనా నేనెప్పుడూ అలా సాక్ష్యం చెప్పలేదు. మా బావ మీద నాకు అంత గౌరవం కలగడం అదే మొదటిసారి. కోపంతో పాటే వచ్చింది, కానీ వచ్చింది.

మర్నాడు నిబంధన తిరగరాసి మేనేజరు బల్ల మీద పెట్టాను. మొదట కొక్కెం, తర్వాత "పెట్టాను", "చూశాను", ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళది. ఆయన విసుక్కుని, "ముందు ఒకసారి దింపి చూపించండి. పైన మీరే నిలబడండి. ఏమైనా జరిగితే సంతకం మీది," అన్నాడు.

శుక్రవారం పొద్దున్న బావా నేనూ అదే మేడ మీదికి ఎక్కాం. ఆయనతో దిగడానికి జోడీ ఎవరూ ఇంకా కుదరలేదు. పొడుగు తన తాడు కట్టుకునే ఇనుప కడ్డీ ఆ పక్కనే ఖాళీగా ఉంది. ఇద్దరం అటు చూడలేదు. బావ పిట్టగోడ ఎక్కి కూర్చున్నాడు. కొక్కెం పెట్టి, లాగి, "పెట్టాను" అన్నాడు. నేను వంగి లాగి చూసి "చూశాను" అన్నాను.

బావ కళ్ళు మూసుకున్నాడు. "దించేవాడివి నువ్వే."

అని ఆగాడు. ఆ జవాబు మాట తనే అనేసుకుంటాడని అనుకున్నాను. అనలేదు. దానికి చోటు వదిలి ఊరుకున్నాడు. గాలి చెవుల్లో కొడుతోంది. ఆ ఖాళీ నావల్ల కాలేదు. ఆ రెండో మాట నాకు వచ్చు, ఎన్నిసార్లు వినలేదు! నోరు తెరిచాను.

"వద్దమ్మా," అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే. "నమ్మని మాట నువ్వు అనకు. నాకోసం అబద్ధం ఆడొద్దు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నీ పని నువ్వు చెయ్యి."

కాసేపటికి కళ్ళు తెరిచి, నావైపు ఒకసారి తల ఊపి, అంచు దిగాడు. ముందు భుజాలు, తర్వాత టోపీ, తర్వాత ఏమీ కనిపించలేదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆయన రెండో తాడు మీద చెయ్యి వేశాను. ఆ తాడుని మోసేది ఇనుప కడ్డీ. పడితే పట్టుకునేది కొక్కెం. నా చెయ్యి ఉన్నా లేకపోయినా దానికి ఒకటే, ఆ సంగతి ఆ కంపెనీలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఇరవై రెండు అంతస్తులూ దిగి, నేల మీద ఆయన కాలు ఆని, తాడు వదులయ్యేదాకా నేను చెయ్యి తియ్యలేదు.