వాకిట సుత్తి

మరిది సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, అరచేతి పగుళ్లకు రాసుకునే మైనం సర్దింది వదిన. చివరికి వాకిట్లోకి వెళ్లి మేకుకు వేలాడుతున్న సుత్తి తెచ్చింది. దాని పిడి ముందు ఆమె భర్త చేతిలో అరిగింది. ఆయన పోయాక మరిది చేతిలో ఇంకా నున్నబడింది.

"అక్కడ సుత్తులుండవా వదినా? దాన్ని మేకుకే ఉండనీ. ఎవరికైనా కావాల్సొస్తే?"

"ఇక్కడ నేనొక్కదాన్నీ ఏమైపోతానో అని లేదుగానీ, ఎదురింటివాళ్లకు సుత్తి లేదని బెంగ."

"ఆరు నెలలేగా. ఈలోగా తిట్లన్నీ దాచిపెట్టు, వచ్చాక ఒకేసారి తింటాను."

ఆ వీధంతా కత్తెరల పనే. ఒక ఇంట్లో ఇనుము సాగగొడితే, ఇంకో ఇంట్లో కాల్చి నీళ్లలో ముంచేవారు, మరో ఇంట్లో సానపట్టేవారు. రెండు రెక్కలూ కలిపి రివిట్టు బిగించేది ఈ ఇద్దరూ. పని జరుగుతుండగా ఎవరూ తలుపు వేసుకోరు. చిక్కొచ్చినవాడు కత్తెర చేత పట్టుకుని వీధి దాటితే, అవతలివాడు తన పని ఆపి చూసేవాడు. పని ఒకరు నేర్పేది కాదు, జలుబులా అంటుకునేది. పొద్దున ఒకింట్లో దొరికిన కిటుకు దీపాల వేళకు వీధి చివరికి చేరేది. ఎక్కడెక్కడి దర్జీలో ఆ వీధి కత్తెరే కావాలనేవారు.

ఒక కత్తెరల కంపెనీ మనిషి మొదట అలాగే వచ్చాడు, చేతిలో బిగుసుకుపోయిన కత్తెరతో. వదినే పీట వేసింది. రివిట్టు మీద దెబ్బ ఎక్కడ ఆపాలో దగ్గర కూర్చోబెట్టుకుని చూపించింది. ఏడాది తిరక్కముందే ఎక్కడో దూరాన ఎత్తైన గోడల మధ్య ఆ కంపెనీ షెడ్లు లేచాయి. అక్కడివాళ్లకు పని చూపించడానికి ఇంటికొకరిని పంపమన్నారు. అడిగినవాడికి లేదనడం ఆ వీధికి చేతకాదు.

మరిదిని ఎక్కించుకుని కంపెనీ వ్యాను వెళ్లిపోయాక వదిన పనిలో కూర్చుంది. రెక్కలు కలిపి పట్టుకుని, అలవాటు కొద్దీ దెబ్బ కోసం చూసింది. కొట్టేవాడు లేడు. ఒక చేత్తో రెక్కలు పట్టుకుని, ఇంకో చేత్తో తనే కొట్టింది. రెక్క వదులైంది. కత్తెర పట్టుకుని వీధి దాటింది. ఎదురింటి కొలిమి చల్లారి ఉంది. దాని మనిషీ అదే వ్యానులో వెళ్లాడు. పక్కింట్లో సాన తాత చక్రం ముందు ఊరికే కూర్చున్నాడు.

తాత కత్తెర తెరిచి, మూసి, తిరిగి ఇచ్చేశాడు. "బిగింపు మీ ఇంటి పనమ్మా. నాకేం తెలుసు?"

"ఆ కంపెనీవాడికి పీట వేసింది నేనే తాతా."

"అందరం వేశాం. కత్తెర పట్టుకొచ్చాడు గదా, మనవాడే అనుకున్నాం."

ఆరు నెలలకు మరిది కబురు పంపాడు. ఇంకొన్నాళ్లు ఉండమన్నారట. అక్కడ ఒక గదివాళ్లు ఇంకో గదిలోకి వెళ్లకూడదట. అప్పటికే ఆ షెడ్ల కత్తెరలు చవగ్గా అంగళ్లలోకి వచ్చేశాయి, వీధిలో పని ఆగిపోయింది. ఆ చలికాలంలోనే సాన తాత పోయాడు.

వ్యానెక్కినవాళ్లలో ఎవరూ తిరిగి రాలేదు. మరిది మరుసటి వేసవికి వస్తానన్నాడు. ఆ వేసవికీ రాలేదు, ఆ తరువాతా రాలేదు. సుత్తి వాకిట మేకుకే ఉంది. అడిగి తీసుకెళ్లేవాళ్లు లేక ఇనుము తుప్పు పట్టింది. పిడి ఇంకా నున్నగానే ఉంది.