నాలుగో జాగ్రత్త

నడక తేలికైనదే. వార్డు ఆఫీసు పంచిన కాగితంలో అలాగే ఉంది: నాలుగు కిలోమీటర్లు, సగం ఏటి ఒడ్డున, సగం ఊరి వీధుల్లో, ఎక్కాల్సిన మెట్లు ఇరవై రెండే, ఎంత నీరసంగా ఉన్నవారైనా రావచ్చు. మసుమి ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి ఏప్రిల్ నుంచీ చదువుతూనే ఉంది. ఎన్నిసార్లు చదివినా ఆమె కళ్ళు ఆ మెట్ల దగ్గరే ఆగిపోయేవి.

ఆమె కూతురు సుజునెకి ఇరవై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట మామూలు జలుబే అనుకున్నది గుండెకి పాకింది. బతికి బయటపడింది గానీ ఉద్యోగం పోయింది, స్నేహితులు పలచబడ్డారు, గది తలుపు మూతబడింది. చదునైన చోట మెల్లగా నడిపించమన్నాడు డాక్టరు. అలా నెలకొకటి చొప్పున ఆరు నడకలకి తల్లీకూతుళ్ళు పేర్లిచ్చారు. ఒక్కో నడకకీ కార్డు మీద ఒక ముద్ర వేస్తారు. ఆరు గళ్ళూ నిండితే ఒక తువ్వాలు. తువ్వాలు ఎవరిక్కావాలి? కానీ జబ్బుపడ్డాక సుజునె మొదలుపెట్టి పూర్తిచేయబోతున్న మొదటి పని అది.

రెండో నడకలో మసుమి చేసిన నిర్వాకం ఆ పిల్ల మరిచిపోలేదు. కూతురు వగర్చడం చూసి, "ఆగండాగండి, మా అమ్మాయిది గుండె జబ్బు!" అని కేక పెట్టిందామె. ఇరవై మంది ఎండలో నిలబడిపోయారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. చిరునవ్వుతో ఎదురుచూశారు. ఆ చిరునవ్వులే సుజునెని కోసేశాయి. ఇంటికొచ్చి ఒప్పందం పెట్టింది.

"రోజుకి మూడు 'జాగ్రత్త'లమ్మా. అంతే. నాలుగోది నోట్లోంచి వచ్చిందంటే అక్కణ్ణించే ఇంటికొచ్చేస్తాను."

"మూడేం సరిపోతాయే? గడప దాటకముందే అయిపోతాయి."

"పొదుపుగా వాడుకో మరి."

సెప్టెంబరు మొదటి శనివారం ఆరో నడక. ఎండ చిటచిటలాడుతోంది. మసుమి మొదటి జాగ్రత్త బూటు లేసుకి, రెండోది ఎదురొచ్చిన సైకిలుకి ఖర్చయిపోయాయి. ఏటి పక్క బాటలోకి దిగగానే నాచు పట్టిన రాయి కనబడింది. మూడోదీ పోయింది. సుజునె మూడు వేళ్ళు ఎత్తి చూపించి నవ్వింది.

ఆ బాట ఏటి గర్భంలోనే ఉంటుంది. రెండు వైపులా ఇంటంత ఎత్తు కాంక్రీటు గోడలు, మధ్యలో మడమలు తడిసేటంత నీరు. అందరికంటే వెనక, చేతికి పసుప్పచ్చ పట్టీ కట్టుకుని కువబారా నడిచేవాడు. ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనకబడినవాళ్ళని చూసుకోవడం ఆయన పని.

"మసుమి గారూ, ఆ సంచీ ఏమిటండీ, ఇల్లు మారుతున్నారా?" అన్నాడు.

"ఆస్పత్రి తెచ్చుకుందండీ," అంది సుజునె. "మంచాలు మాత్రం ఇంట్లో వదిలేసింది."

"నవ్వండి నవ్వండి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు," అంది మసుమి. బరువు మోయకూడదని కూతురి సంచీ కూడా తనే భుజాన వేసుకుంది. అందులో మాత్రలు, నీళ్ళ సీసా, ఫోను, ఆపదలో ఊదడానికి ఒక ఈల.

రెండో వంతెన కింద మెట్లొచ్చాయి. పైన వీధిలో టోఫు కొట్టు ముందు బల్ల వేసి, వార్డు ఆఫీసు నుంచి వచ్చిన నిషివాకి ముద్రలు వేస్తోంది. నడక ముగిసే చోట ఎవరి దారిన వాళ్ళు రైలెక్కి పోతారు గనక ముద్రా, తలల లెక్కా రెండూ ఈ బల్ల దగ్గరే. సుజునె మెట్ల వంక చూసి, గోడకి చెయ్యి ఆనించింది. పెదవులు కాస్త పాలిపోయాయి.

"అమ్మా, ఈ మెట్లు ఇవాళ నా వల్ల కాదు. నా కార్డుకి కూడా నువ్వే ముద్ర వేయించెయ్. నేను కింది బాటనే మూడో వంతెన దాకా వస్తాను. అక్కడ వాలు దారి ఉందిగా, దాని మీదుగా ఎక్కి మీలో కలిసిపోతాను."

"ఒక్కదానివా?"

"పదినిమిషాలు. చంటిపిల్లలు కూడా నడిచే బాట ఇది. నువ్వు చెబితే మళ్ళీ అందరూ నా కోసం నిలబడతారు. వద్దు. దండం పెడతాను."

అని వంతెన కింది మరుగుదొడ్డిలోకి వెళ్ళిపోయింది. అంతలో కువబారా వచ్చాడు.

"అమ్మాయేదండీ?"

నలుగురినీ ఇబ్బంది పెట్టకూడదన్నది మసుమికి ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. ఇరవై మందిని ఎండలో నిలబెట్టిన సిగ్గు ఇంకా చల్లారలేదు. నోరు దానంతటదే పలికింది.

"ముందే పైకెళ్ళింది."

"అయితే నేనే ఆఖరు," అని ఆయన ఆమె వెనకే ఎక్కాడు.

మసుమి రెండు కార్డులూ బల్ల మీద పెట్టింది. నిషివాకి టక్, టక్ మని రెండు ముద్రలూ వేసి, "సుజునె గారివి ఆరూ నిండాయి! అభినందనలు చెప్పండి," అంది. బార్లీ టీ గ్లాసు పట్టుకుని మసుమి ఎగువకి చూసింది. ఇక్కడ ఎండే గానీ కొండల మీద ఆకాశం వంకాయ రంగులో ఉంది. ఆమె గుండె దడదడలాడింది. కానీ ఈ దడ ఏ రోజు లేదు? మూడూ ఖర్చయిపోయాయి కదా అని టీ గుటక వేసింది.

టీ ఇంకా సగం ఉండగానే వంతెన స్తంభం మీది ఎర్ర దీపం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఎగువన వాన, ఏరు ఖాళీ చేయమని దాని అర్థం. అందరూ ఫోన్లు తీశారు. నిషివాకి జాబితా చూసుకుంది.

"ఇరవై మూడు ముద్రలు, ఇరవై మూడు మంది. కింద మనవాళ్ళెవరూ లేరుగా?"

"నా వెనక పురుగు కూడా లేదు," అన్నాడు కువబారా.

మసుమి నోరు తెరిచింది. ఈపాటికి వాలు దారికి చేరే ఉంటుందిలే అనుకుంది. ఇప్పుడు అరిస్తే మళ్ళీ నలుగురిలో తల కొట్టేసినట్టవుతుంది పిల్లకి అనుకుంది. ఎన్ని క్షణాలు అలా అనుకుందో తర్వాత ఎన్ని రాత్రులు లెక్కపెట్టినా తేలలేదు. ఫోను చేసింది. భుజాన ఉన్న సంచీలోనే మోగింది.

అప్పుడు పరుగెత్తింది. గోడ వెంబడి కటకటాలు పట్టుకుని, కిందికి చూస్తూ.

సుజునె కనబడింది. రెండు వంతెనలకీ నడుమ, మెట్టన్నది లేని చోట, తీరుబడిగా నడుస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుంది. జబ్బుపడ్డాక అంత నిమ్మళంగా నడవడం మసుమి చూడలేదు. ఎగువన వంపులోంచి రోలు పొత్రం తిప్పినట్టు శబ్దం వస్తోంది.

నీళ్ళొస్తున్నాయి అనాలి. పరుగెత్తు అనాలి. ఇరవై నాలుగేళ్ళుగా అలవాటైన నాలుకకి ఒక్క మాటే దొరికింది.

"జాగ్రత్త! సుజునే, జాగ్రత్త!"

సుజునె ఆగి తలెత్తి చూసింది. తల్లిని గుర్తుపట్టింది. పోనీలే అన్నట్టు నవ్వి, చెయ్యెత్తి నాలుగు వేళ్ళు చూపించింది.

నీరు మట్టిరంగులో, మనిషెత్తున వచ్చింది. ఆ తర్వాత బాట లేదు. గోడల మధ్య నిండా ఏరే ఉంది.

సాయంత్రానికి దిగువ ఆనకట్ట దగ్గర దొరికింది.

ప్రతి ఏడో రోజూ అగరుబత్తి వెలిగించడానికి కువబారా వచ్చేవాడు. ఫొటో ముందు నుదురు చాపకి ఆనించి, "బస్సు తలుపు మూసే ముందు అద్దం చూసుకోనట్టే చేశాను. తప్పు నాది," అనేవాడు. మనిషి సగమైపోయాడు. మసుమి టీ పోసేది. ఒక్క మాటా అనేది కాదు. ఆ తప్పు ఆయన భుజాల మీద ఉన్నంతసేపూ ఆమెకి కాస్త ఊపిరాడేది.

ఆరో వారం టపాలో చిన్న పొట్లం వచ్చింది. సుజునె పేరు మీద. లేతనీలం తువ్వాలు, "ఆరు నడకలూ పూర్తిచేసినందుకు" అని చీటీ. జాబితా చూసి పంపినవాళ్ళకి ఏం తెలుసు? మసుమి దాన్ని మడత విప్పకుండా ఫొటో పక్కన పెట్టింది. ఆ వారం కువబారా వంగబోతుంటే చెయ్యి అడ్డుపెట్టింది.

"వంగకండి. ఆ రోజు మీరు అడిగారు. నేనే అబద్ధం చెప్పాను. పిల్ల కిందే ఉంది. ముద్ర నేను వేయించాను."

ఆయన తువ్వాలు వంక చూశాడు.

"నిజం చెప్పుంటే," అన్నాడు మెల్లగా, "నేను అమ్మాయి వెనకే నడిచేవాణ్ణి. వంపు దగ్గర ఆ శబ్దం నేను ఎరుగుదును. ముందే ఎక్కించేసేవాణ్ణి."

"తెలుసు," అంది మసుమి.

ఆయన లేచి, బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకోకుండానే గుమ్మం దిగాడు. బయట చినుకులు పడుతున్నాయి. లేసులు మెట్ల మీద ఈడ్చుకుపోతున్నాయి. మసుమి చూసింది. నోరు తెరిచి, మూసుకుంది.

సంతాప దినాలు ముగిసే నలభై తొమ్మిదో రోజున రెండు కప్పులు పెట్టి కూర్చుంది. దీపాలు పెట్టే వేళ దాటినా ఆయన రాలేదు. ఒక కప్పు తీసి లోపల పెట్టింది.